సికింద్రాబాదులో స్వెట్టరు అల్లిక - నాడు, నేడు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. డి.ఏ. బకాయిల గురించి, పాత జి.ఓ.ల గురించి నాకన్నా బాగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత మన ఆఫీసులలో మధ్యాహ్న విరామవేళ మనమందరం చూసిన ఒక పనిని గురించి నాలుగు మాటలు వ్రాయదలచాను. అదే పసిపిల్లల స్వెట్టరు అల్లిక.

మనది ఎండల ఊరు. డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున 12, 13 డిగ్రీల చలి వేసే కొద్ది రోజులు తప్ప మనకు ఊలుతో పని తక్కువ. మరి ఈ విద్య ఇక్కడ ఎలా పాదుకొన్నది?

1798లో నిజాం అలీఖాన్ ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకొన్నారు. ఆ సైన్యం హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన దిగింది. 1806లో ఆ దండు విడిదికి మూడవ నిజాం సికందర్ జా పేరిట సికింద్రాబాదు అని పేరు వచ్చింది. తిరుమలగిరి, బొల్లారం దాకా పటాలాలు వ్యాపించాయి. దొరల కుటుంబాలు వచ్చాయి. వాటి వెనుక చర్చిలు, బడులు వచ్చాయి. సెయింట్ ఆన్స్ సోదరీమణులు 1871లో ఇక్కడకు వచ్చి ఆడపిల్లల బడి పెట్టారు. ఆ రోజుల్లో మిషనరీ బడులలో లెక్కలు, చదువుతో పాటు సూదిపని కూడా పాఠమే. మన దేశంలో రెండు సూదుల అల్లిక ఎక్కువగా వ్యాపించినది ఈ బడుల ద్వారా, దొరల ఇళ్ళ ద్వారానే.

ఇటువంటిదే మరొక కథ మన నరసాపురంలో జరిగింది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక గోదావరి జిల్లాలో వేలాది స్త్రీలకు కూలిపని అయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అది ఒకే కొక్కెం సూదితో, నూలు దారంతో చేసే పని. సికింద్రాబాదు స్వెట్టరు మాత్రం చాలావరకు బజారుకు ఎక్కలేదు. అయినవారికి ఇచ్చే కానుకగానే మిగిలిపోయింది. అందుకే దాని లెక్కలు ఏ రికార్డులోనూ దొరకవు.

ఇది ఆడవారి పని అని నవ్వే మిత్రులకు ఒక మాట. ఇప్పటికి దొరికిన అతి పాత అల్లికలలో ఈజిప్టు మేజోళ్ళు ఉన్నాయి. అవి దాదాపు వెయ్యి సంవత్సరాల నాటి నీలం, తెలుపు రంగుల నూలు మేజోళ్ళు. అంటే మొదట అల్లినది మన వంటి వేడి దేశంలోనే! తరువాత యూరపులో ఈ పనికి వృత్తి సంఘాలు ఏర్పడినప్పుడు వాటిలో ఏళ్ళ తరబడి శిష్యరికం చేసి పనివారైనది మగవారే. 1589లో మేజోళ్ళు అల్లే యంత్రం కనిపెట్టిన విలియం లీ కూడా ఒక మతాచార్యుడే. ముందు బొత్తాలు ఉండే స్వెట్టరుకు కార్డిగాన్ అనే పేరు క్రిమియా యుద్ధంలో పాల్గొన్న ఒక సేనాని బిరుదు నుండి వచ్చింది.

మన కాలంలో ఈ అల్లిక దేశం పని అయినది 1962లో. చైనా యుద్ధంలో మన జవానులు హిమాలయాల మంచులో నూలు బట్టలతో, కాన్వాసు బూట్లతో పోరాడవలసి వచ్చిందని పత్రికలలో చదివి, దేశమంతటా స్త్రీలు బంగారం ఇచ్చారు, ఊలు స్వెట్టర్లు అల్లి పంపారు. నాకప్పుడు 12 ఏళ్ళు. మా వీధిలో దీపాలు పెట్టిన తరువాత అరుగుల మీద సూదుల చప్పుడు వినబడేది. మా అక్కయ్య అల్లిన ఆకుపచ్చ స్వెట్టరు ఏ జవానుకు చేరిందో మాకు తెలియదు. చేరి ఉంటుందని మా అమ్మ చివరిదాకా నమ్మింది.

1972లో నేను గుమాస్తాగా చేరేనాటికి మా సెక్షనులో ఆరుగురు మహిళలు అల్లేవారు. జనరల్ బజారు నుండి ఊలు ఉండలు వచ్చేవి. సిబ్బందిలో ఎవరింట బిడ్డ పుట్టినా ఒక స్వెట్టరు వెళ్ళేది. అటెండరు బిడ్డకైనా, సూపరింటెండెంటు బిడ్డకైనా అదే ఊలు. ఒక ఆఫీసరు గారు అల్లిక సామాను సీట్ల వద్ద కనబడరాదని సర్క్యులరు తీయించారు. దానిని టైపు చేసిన అమ్మగారి సొరుగులోనే అప్పుడు సగం అల్లిన స్వెట్టరు ఉంది! ఏడాది తిరగకుండానే ఆఫీసరు గారికి మనుమరాలు పుట్టింది. పసుపుపచ్చని స్వెట్టరు ఒకటి వారింటికి వెళ్ళింది. ఆ తరువాత సర్క్యులరు మాట ఎవరూ ఎత్తలేదు.

తరువాత లూథియానా యంత్రాల సరుకు చవకగా వచ్చింది. చలికాలంలో టిబెటన్లు జంటనగరాలలో దుకాణాలు పెట్టసాగారు. ఇంటి అల్లిక క్రమంగా తగ్గిపోయింది. నేను 2008లో రిటైరయ్యేనాటికి ఆఫీసులో సూదులు కనబడలేదు. ఆ ఆరుగురిలో నేడు ఇద్దరే ఉన్నారు. వారిలో ఒకరికి చూపు మందగించింది. రెండవవారి వద్ద నిరుటి చలికాలం నేను ఈ విద్య నేర్చుకొన్నాను.

ఆసక్తి గలవారికి ఆ పద్ధతి ఇది. 9వ నంబరు సూదులు రెండు, మెత్తని ఊలు 150 గ్రాములు సరిపోతాయి. మన సూదులకు నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ముందుగా 20 కుట్లు వేసి కొంత అల్లి కొలవండి. 4 అంగుళాలు వస్తే మీ చేతి బిగువు సరి. ఇక వీపు కోసం 50 కుట్లు ఎక్కించి, అన్ని వరుసలూ నిట్ కుట్టుతోనే ఆరున్నర అంగుళాలు అల్లండి. చేతుల కోసం రెండు పక్కలా 30 చొప్పున కలిపితే 110 అవుతాయి. మరో 4 అంగుళాలు అల్లి, మెడ కోసం నడుమ 20 కుట్లు మూయండి. ఒక్కొక్క వైపు 45 మిగులుతాయి. ఒక్కొక్క వైపూ విడిగా అంగుళంన్నర అల్లి, మెడ పక్కన 10 కుట్లు చేర్చండి. భుజం నుండి 4 అంగుళాలు కాగానే చేతి 30 కుట్లు మూసి, మిగిలిన 25 మీద ఆరున్నర అంగుళాలు అల్లితే ముందు భాగం సిద్ధం. మడిచి పక్కలు, చేతుల అడుగులు కుట్టాలి. బొత్తాలు గట్టిగా కుట్టండి. మెడ చుట్టూ తాళ్ళు పెట్టవద్దు, పసిపిల్లలకు ప్రమాదం.

నా మొదటి స్వెట్టరుకు రెండు నెలలు పట్టింది. మా అపార్టుమెంటు వాచ్‌మన్ పసిపాపకు ఇచ్చాను. రెండవది సూదుల మీద ఉంది.

మన సంఘ సభ్యురాండ్రకు ఒక మనవి. మీ ఇళ్ళలో పాత సూదులు ఉంటే వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. కూర్చోవడానికి కుర్చీలు ఉన్నాయి, నేర్చుకోవడానికి మేము ఉన్నాము. పాత జి.ఓ.లు ఫైళ్ళలో దొరుకుతాయి. ఈ విద్య మాత్రం మీ చేతులలోనే ఉంది.