కొలువునకును కొలువునకును నడుమ
(జపానులో విదేశోపాధ్యాయుల నివాస చరిత్ర)

పరదేశమున పాఠము చెప్పబోయిన ఉపాధ్యాయునికి రెండు ఆధారములు వలయును. ఒకటి కొలువు, రెండవది ఆ దేశమున నిలుచుటకు అనుమతి. కొలువు సాగినంత కాలము రెండవదానిని గూర్చి ఎవరును తలపరు. ఒకచోట ఒడంబడిక తీరి, వేరొకచోట ఇంకను కుదురుకొనని దినములందే అది గుర్తునకు వచ్చును. ఆ దినములలో అతని గతి యేమి? ఈ ప్రశ్నకు జపాను దేశము వేర్వేరు కాలములందు చెప్పిన సమాధానములను నేడు మా శ్రోతల ముందుంచుచున్నాము.

1858వ సంవత్సరపు సంధుల ననుసరించి జపాను కొన్ని రేవులను విదేశీయులకు తెరచెను. యొకొహామా, నాగసాకి, కోబె మున్నగు రేవులలో వారికి ప్రత్యేకముగా పేటలేర్పడెను. రేవునుండి పది ‘రీ’ల మేర, అనగా సుమారు 40 కిలోమీటర్ల వరకు, వారు తిరుగవచ్చును. ఆ పొలిమేర దాటుటకు ప్రయాణానుమతి పత్రము కావలెను. దేశము లోపల కాపురముండుట సామాన్యముగా నిషిద్ధము. ఆ విదేశీయులపై జపాను న్యాయస్థానములకు అధికారము లేకుండెను. వారి తగవులను వారి వారి దేశముల రాయబారులే తీర్చుచుండిరి. అట్టివారిని ఊళ్లలోనికి రానిచ్చుటకు ప్రభుత్వము వెనుకాడుట సహజమే.

కాని 1868లో మెయిజీ ప్రభుత్వ మేర్పడిన పిదప పాశ్చాత్య శాస్త్రములు బోధించువారు ఆ దేశమునకు అత్యవసరమైరి. అందుచే జపానువారే కొలువిచ్చి పిలిచిన విదేశీయునికి లోపలి పట్టణములందు నివసించుటకు సెలవు లభించెను. 1871లో విలియం గ్రిఫిస్ అను అమెరికా దేశీయుడు ఫుకుయి సంస్థానమునకు రసాయన శాస్త్రము బోధింపబోయెను. అతడు చేరిన కొలది నెలలకే జపానులోని సంస్థానములన్నియు రద్దయ్యెను. అతనిని పిలిపించిన సంస్థానమే లేకపోయెను! 1872 ఆరంభమున అతడు టోక్యో చేరి, అచ్చటి ప్రభుత్వ విద్యాలయమున పని సంపాదించుకొనెను. అందరికిని అట్టి అదృష్టము పట్టదు. అనుమతి ఒడంబడికను అంటియుండెను గనుక, ఒడంబడిక తీరినవాడు తిరిగి రేవు పేటకు చేరవలసినదే.

ఈ చిక్కు ఒక కుటుంబము నెంత కలవరపెట్టెనో లఫ్కాడియో హెర్న్ జీవితము తెలుపును. గ్రీకు తల్లికిని, ఐర్లండు తండ్రికిని 1850లో జన్మించిన ఈ రచయిత బ్రిటిషు ప్రజ. 1890లో మత్సుయె పట్టణమున నెలకు నూరు యెన్నుల జీతముపై ఆంగ్లోపాధ్యాయుడుగా చేరెను. అచ్చటనే కొయిజుమి సెత్సు అను సమురాయి కుటుంబపు స్త్రీని చేపట్టెను. 1891లో కుమమోటోకు మారెను. 1893లో కుమారుడు జన్మించెను. 1894లో ఆ కొలువు విడిచి కోబె రేవున ఒక ఆంగ్ల పత్రికలో చేరెను. కంటిజబ్బుచేత అదియు కొలది కాలములోనే విడువవలసి వచ్చెను.

అప్పుడాతనిముందు రెండు దారులు నిలిచెను. 1873వ సంవత్సరపు శాసనము ప్రకారము విదేశీయుని పెండ్లాడిన జపాను స్త్రీ తన జాతీయతను కోల్పోవును. భార్యను తన దేశపు చట్టమున చేర్చుకొన్నచో ఆమె పుట్టినగడ్డమీదనే పరాయిదగును. కాని ఆ శాసనమే వేరొక వాకిలి కూడ తెరచియుంచెను: జపాను కుటుంబమునకు ఇల్లరికము వచ్చిన విదేశీయుడు జపాను ప్రజయగును. హెర్న్ ఆ వాకిటనే ప్రవేశించెను. 1896 ఫిబ్రవరిలో కొయిజుమి యాకుమో అను పేరు దాల్చెను. స్వదేశీయుడైనందున జీతము కూడ స్వదేశీయుల స్థాయికి తగ్గునేమోయని శంకించెను, అయినను వెనుదీయలేదు. అదే సంవత్సరము టోక్యో విశ్వవిద్యాలయమున నాలుగువందల యెన్నుల కొలువు లభించెను. 1903లో ఆ కొలువు పోయెను. ఈసారి అతడు పని కోల్పోయెనే గాని నిలువనీడ కోల్పోలేదు. మరుసటి సంవత్సరము వసేదా విద్యాలయమున పాఠము చెప్పుచుండగా, సెప్టెంబరు 26వ తేదీన మరణించెను.

ఇంతలో 1899లో క్రొత్త సంధులు అమలునకు వచ్చెను. రేవు పేటలు జపాను పాలనలో చేరెను. విదేశీయులు లోపలి ఊళ్లలో కాపురముండుటకు వీలు కలిగెను. నేలమీది పొలిమేర చెరిగిపోయెను.

నేటి పొలిమేర పంచాంగములో నున్నది. వీసా దేశపు గడప దాటుటకు. లోపల నిలుచుటకు వేరుగా నివాసార్హత కావలెను. బడిలో బోధించువానికొక తరగతి, విశ్వవిద్యాలయాచార్యునికి వేరొక తరగతి. ఒకదానినుండి వేరొకదానికి మారుటకు క్రొత్త అనుమతి వలయును. 2012 జూలైనుండి, కొలువు విడిచినవాడు 14 దినములలోగా ఆ సంగతి ప్రభుత్వమునకు తెలుపవలెను. తగిన కారణము లేక మూడు నెలలు తన వృత్తి చేయనివాని నివాసార్హతను రద్దుచేయుటకు 2004వ సంవత్సరపు సవరణ అధికారమిచ్చుచున్నది. నిజముగా పని వెదకుకొనుచున్నవాడు ఆ సంగతిని కారణముగా చూపుకొనవచ్చును.

మన ఇండ్లనుండియు చదువు చెప్పుటకు పరదేశములకు పోయినవారు కలరు. ఒడంబడికలోని ఆఖరు తేదీ వేరు, అనుమతి పత్రములోని ఆఖరు తేదీ వేరు కావచ్చును. వారికి జాబు వ్రాయునపుడు జీతమెంతయని అడుగుటతోబాటు ఆ రెండు తేదీలను గూర్చియు అడుగుట మంచిది. పిల్లలకు అక్షరము నేర్పినవానిని బడి మూసిన మరునాడే పరాయివానిగా చూచు ఆచారము పాతది. ఇల్లరికపు వాకిలి వెదకుకొనవలసిన అవసరము లేకయే అతడు కొన్నాళ్లు నిశ్చింతగా నిలువగలిగిన నాడే ఆ దేశము గురువును గౌరవించినదని మేము తలంతుము.