పత్రంలో చెరిగిన మాట, బజారులో మిగిలిన మాట: భారతదేశంలో మూలకణాల నాలుగు దశాబ్దాలు

2007లో భారత వైద్య పరిశోధన మండలి, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలిసి మూలకణ పరిశోధనకూ, చికిత్సకూ మార్గదర్శకాలు వెలువరించాయి. ఆరేళ్ల తర్వాత, 2013లో, వాటిని సవరించి ప్రచురించినప్పుడు శీర్షికలో ‘పరిశోధన’ మిగిలింది, ‘చికిత్స’ లేదు. అది అచ్చుతప్పు కాదు. రక్త సంబంధమైన కొన్ని వ్యాధులకు చేసే మూలకణ మార్పిడిని మినహాయిస్తే, మిగిలినదంతా ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నదని ప్రభుత్వ శాస్త్రజ్ఞులు భావించారు. అందుకే ఆ మాటను తెలిసే తొలగించారు. అయితే పత్రంలో చెరిగిన ఆ మాట నగరాల్లోని ప్రకటన బోర్డుల మీద చెరగలేదు. పక్షవాతం, మధుమేహం, ఆటిజం, వెన్నెముక గాయం, బట్టతల, ముఖంపై ముడతలు అన్నింటికీ ఒకే పేరుతో ‘చికిత్స’ అమ్ముడవుతూనే వచ్చింది. ప్రభుత్వం ఒక మాట చెబుతుండగా బజారు మరో మాట ఎలా చెప్పగలిగింది? ఆ ప్రశ్నకు జవాబు ప్రయోగశాలల్లో కంటే పరిపాలన చరిత్రలోనే ఎక్కువగా దొరుకుతుంది.

మూలకణం అంటే తన వంటి కణాలను పుట్టించుకుంటూనే, అవసరమైనప్పుడు ప్రత్యేకమైన పని చేసే కణంగా మారగల కణం. ఎముకల లోపలి మూలుగలో అటువంటి కణాలు ఉన్నాయనీ, రక్తం నిరంతరం వాటి నుంచే తయారవుతున్నదనీ 1961లో కెనడాలోని టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకలక్ ఎలుకలపై ప్రయోగాలతో చూపించారు. అప్పటికే అమెరికాలో డొనాల్ థామస్ మూలుగ మార్పిడి ప్రయత్నాలు మొదలుపెట్టారు. తొలి రోగుల్లో అత్యధికులు బతకలేదు. వైఫల్యాలను దాచకుండా ప్రచురిస్తూ, కారణాలు వెతుకుతూ సాగిన ఆ కృషికి 1990లో నోబెల్ బహుమతి లభించింది. మూలకణ వైద్యంలో నేటికీ అత్యంత బలమైన ఆధారాలున్న చికిత్స అదే.

భారతదేశం ఈ దారిలో అంత ఆలస్యంగా ఏమీ రాలేదు. 1983లో ముంబైలోని టాటా స్మారక ఆసుపత్రిలో మూలుగ మార్పిడి విజయవంతంగా జరిగింది. 1986లో వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాల ఆ పని చేపట్టింది. క్రమంగా బంగ్లాదేశ్ వంటి పొరుగు దేశాల నుంచి కూడా రోగులు వెల్లూరుకు రావడం మొదలైంది. ఒకటి ప్రభుత్వ పక్షాన నడిచే సంస్థ, మరొకటి ధర్మ సంస్థ. రెండూ లెక్కలు రాసుకున్నాయి, ఫలితాలను బయటపెట్టాయి. అప్పటికి మూలకణం అనే మాటకు బజారు విలువ లేదు.

ఆ విలువ 1998 తర్వాత వచ్చింది. ఆ సంవత్సరం అమెరికాలోని విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ బృందం మానవ పిండం నుంచి మూలకణాలను వేరుచేసి పెంచగలిగింది. శరీరంలోని ఏ కణంగానైనా మారగల శక్తి వాటికి ఉండటంతో ఆశలకు హద్దు లేకపోయింది. పిండాన్ని నాశనం చేయవలసి రావడంతో అమెరికాలో నైతిక వివాదమూ రేగింది. 2001 ఆగస్టు 9న అధ్యక్షుడు జార్జి బుష్, ఆనాటికే సిద్ధమై ఉన్న కణశ్రేణులపై పరిశోధనకు మాత్రమే కేంద్ర నిధులు ఇస్తామని ప్రకటించారు. ఆ నెలాఖరులో విడుదలైన జాబితాలోని 64 శ్రేణుల్లో పది భారతదేశానివి. ముంబైలోని రిలయన్స్ లైఫ్ సైన్సెస్ వద్ద ఏడు, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం వద్ద మూడు ఉన్నట్టు అందులో పేర్కొన్నారు.

సాఫ్ట్‌వేర్ తర్వాత జీవసాంకేతికతే భారతదేశపు తదుపరి విజయమన్న నమ్మకం అప్పటికే బలంగా ఉన్నది. అమెరికా తనకు తాను కట్టుకున్న కట్టుబాట్లు మనకు అవకాశమవుతాయన్న ఆశకు ఆ జాబితా ఊతమిచ్చింది. నిజానికి ఆ పది శ్రేణుల్లో ఏదీ అమెరికా పరిశోధకులకు చివరికి అందుబాటులోకి వచ్చిన ఇరవై పైచిలుకు శ్రేణుల్లో లేదు. కానీ ఆనాటి ఉత్సాహపు ముద్ర మాత్రం విధానంపై నిలిచిపోయింది. పరిశ్రమకు అడ్డు తగిలే చట్టం కంటే పరిశ్రమను నడిపించే సలహా మేలన్న ధోరణి బలపడింది. ఆ సలహా కూడా 2007 దాకా రాలేదు.

అదే 2001లో హైదరాబాదులోని ఎల్‌.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో మరో పని మొదలైంది. కంటి నల్లగుడ్డును కప్పే పారదర్శకమైన పొర కార్నియా. దాని అంచున ఉండే మూలకణాలే ఆ పొర పైభాగాన్ని ఎప్పటికప్పుడు పునరుద్ధరిస్తాయి. ఆమ్లమో సున్నమో పడి ఆ అంచు కాలిపోతే చూపు మసకబారుతుంది. అప్పుడు మామూలు కార్నియా మార్పిడి కూడా నిలవదు. తాంబూలానికి వాడే సున్నం పొట్లాం చితికి పసిపిల్లల కళ్లలో పడటం మన దేశంలో సర్వసాధారణమైన ప్రమాదం. డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం రోగి ఆరోగ్యకరమైన కంటి నుంచి చిన్న ముక్క తీసి, మాయపొర మీద కణాలను పెంచి, దెబ్బతిన్న కంటికి అతికించింది. ఇటలీలో 1997లో మొదలైన పద్ధతిని ఆ బృందం ఇక్కడి పరిస్థితులకు అనువుగా మలచుకున్నది.

ఆ బృందం 2011లో 200 మంది రోగుల ఫలితాలు ప్రచురించింది. 71 శాతం కళ్లలో చికిత్స ఫలించింది. ఇక్కడ గమనించవలసింది మిగిలిన 29 శాతాన్ని. ఫలించని కళ్లు ఎన్నో, ఎందుకు ఫలించలేదో కూడా ఆ వ్యాసంలోనే ఉన్నది. మరుసటి ఏడాది ఇంకా సులువైన పద్ధతి వచ్చింది. కణాలను ప్రయోగశాలలో పెంచే పని లేకుండా, ఆ చిన్న ముక్కనే శస్త్రచికిత్స గదిలో మరింత చిన్న తునకలు చేసి కంటిపై అమర్చడం దాని సారాంశం. ఖరీదైన ప్రయోగశాల అవసరం తీరిపోవడంతో పేదదేశాల ఆసుపత్రులకు కూడా అది అందుబాటులోకి వచ్చింది. వైఫల్యాన్ని లెక్కించినవారికే పద్ధతిని మెరుగుపరిచే వీలు కలుగుతుంది.

ఇదే కాలంలో మహానగరాల్లో ప్రైవేటు కేంద్రాలు వెలిశాయి. విదేశీ రోగులు కూడా వాటిని వెతుక్కుంటూ వచ్చారు. వాటికి కావలసింది రోగి డబ్బు, రోగి ఆశ. పోల్చి చూడటానికి చికిత్స ఇవ్వని మరో వర్గం లేదు. ఎంతకాలం గమనించారో తెలియదు. ఎందరికి గుణం కనిపించలేదో తెలియదు. బాగుపడ్డామని చెప్పే కొద్దిమంది మాటలే సాక్ష్యం. పరిశోధనలో పాల్గొనే వ్యక్తి నుంచి రుసుము తీసుకోరాదన్నది వైద్య నీతిలో మౌలిక సూత్రం. పేరును ‘పరిశోధన’ నుంచి ‘చికిత్స’కు మార్చుకుంటే చాలు, ఆ సూత్రం వర్తించకుండా పోతుంది. లక్షల రూపాయల రుసుము సాధ్యమైంది ఈ పేరు మార్పుతోనే.

పేరు మార్చి పని నడిపించడం మన వైద్య రంగానికి కొత్త కాదు. 2009లో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన కార్యక్రమాన్ని ‘ప్రదర్శక ప్రాజెక్టు’ అన్నారు. అక్కడ సంభవించిన మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ తేల్చింది. కానీ అంగీకార పత్రాల విషయంలో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఘాటుగా విమర్శించింది. అంతకు ముందు ఏడాదే అదే సంఘం కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ పనితీరును ఎండగట్టింది. సుప్రీంకోర్టు జోక్యంతో ఔషధ ప్రయోగాల నిబంధనలు 2013లో కఠినమయ్యాయి. ‘ప్రయోగం’ అని చెప్పుకున్నవారికి అనుమతులు, పరిహారం, పర్యవేక్షణ తప్పనిసరి అయ్యాయి. ‘చికిత్స’ అని చెప్పుకున్నవారి జోలికి ఆ నిబంధనలు వెళ్లలేదు. నిజాయితీగా అనుమతి కోరిన పరిశోధకుడికి భారం పెరిగింది, అనుమతే కోరని వ్యాపారికి దారి ఖాళీగా మిగిలింది.

మార్గదర్శకాలకు చట్టబలం లేకపోవడమే ఇందుకు మూలం. 2007 పత్రమైనా, 2013 సవరణ అయినా, 2017 సవరణ అయినా ఏది సరైనదో స్పష్టంగానే చెప్పాయి. ధిక్కరించినవారిని శిక్షించే అధికారం మాత్రం ఆ పత్రాలకు లేదు. దీనికి భిన్నంగా బొడ్డుతాడు రక్తాన్ని సేకరించి నిల్వచేసే బ్యాంకులకు 2011 డిసెంబరులోనే ఔషధ నిబంధనల కింద లైసెన్సు పద్ధతి వచ్చింది. బిడ్డ పుట్టగానే రక్తం దాచుకుంటే భవిష్యత్తులో అన్ని జబ్బులకూ పూచీ అని ప్రైవేటు బ్యాంకులు ప్రచారం చేశాయి. జన్యులోపం వల్ల వచ్చే జబ్బుకు ఆ బిడ్డ రక్తమే పనికిరాదు, ఎందుకంటే అదే లోపం ఆ కణాల్లోనూ ఉంటుంది. వాణిజ్య నిల్వను తాము సిఫార్సు చేయడం లేదని వైద్య పరిశోధన మండలి స్పష్టం చేసింది. ఒకవైపు లైసెన్సు, మరొకవైపు హెచ్చరిక. కాబోయే తల్లిదండ్రుల దాకా చేరింది లైసెన్సు ముద్ర మాత్రమే.

2019 మార్చిలో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ప్రయోగాల నిబంధనలు ఈ ఖాళీని కొంత పూడ్చాయి. గణనీయంగా మార్పులు చేసిన మూలకణాల నుంచి తయారయ్యే ఉత్పత్తిని అవి కొత్త ఔషధంగా నిర్వచించాయి. అనుమతి లేకుండా అమ్మడం ఇప్పుడు చట్టవిరుద్ధం. ఆ దారిలో నడిచినవారూ లేకపోలేదు. బెంగళూరులోని స్టెంప్యూటిక్స్ సంస్థ రూపొందించిన ఉత్పత్తికి కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయే బర్జర్ వ్యాధి విషయంలో 2016లోనే పరిమిత అనుమతి దక్కింది. కానీ ‘గణనీయమైన మార్పు’ అన్న మాటలోనే మరో సందు ఉన్నది. రోగి కొవ్వు నుంచో మూలుగ నుంచో కణాలు తీసి, అదే రోజు మళ్లీ ఎక్కించామనీ, తాము చేసినది స్వల్ప మార్పేననీ వాదించే అవకాశం మిగిలింది. 2022 డిసెంబరులో జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన నైతిక విభాగం ఆటిజంకు మూలకణ చికిత్సను సిఫార్సు చేయరాదని తేల్చి చెప్పవలసి రావడమే ఆ సందు ఎంత వెడల్పైనదో తెలుపుతుంది.

రాజ్యాంగ విభజన కూడా ఇందులో పాలు పంచుకున్నది. ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలోనివి. ఔషధాలూ, వైద్య వృత్తీ ఉమ్మడి జాబితాలోనివి. సూదిలో ఉన్న పదార్థానికి ఔషధ నియంత్రణాధికారి, సూది గుచ్చిన డాక్టరుకు వైద్య మండలి, సూది గుచ్చిన గదికి రాష్ట్ర ఆరోగ్య శాఖ బాధ్యులు. ముగ్గురికీ చెందిన నేరాన్ని ఏ ఒక్కరూ తమదిగా పట్టించుకోకపోవడంలో వింత లేదు.

సౌందర్య పోషణ రంగంలో పరిస్థితి మరింత వదులు. 2008 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లోని ఒక అరుదైన ఆపిల్ రకం మూలకణాల సారంతో చేసిన పదార్థం అంతర్జాతీయ విపణిలోకి వచ్చింది. ఆ తర్వాత ‘స్టెమ్ సెల్’ ముద్ర గల లేపనాలు వెల్లువెత్తాయి. సీసాలో బతికి ఉన్న మానవ కణం ఏదీ లేదు, ఉన్నది మొక్క కణాల సారం. ఆపిల్ కణం మనిషి చర్మంలో కొత్త కణాలను పుట్టించలేదు. లేపనంతో ఒరిగే నష్టం డబ్బు వరకే. ముఖంలోకి, తలలోకి గుచ్చే సూదుల సంగతి వేరు. ముడతలకు చేసేది చిన్న పని కదా అన్న భావన కఠినమైన ప్రశ్నలను ముందే అడ్డుకుంటుంది. ‘మన శరీరంలోని కణమే కదా’ అన్న భరోసా కూడా అటువంటిదే. అమెరికాలోని ఫ్లోరిడాలో 2015లో ముగ్గురు మహిళలు ఒక్కొక్కరు 5000 డాలర్లు చెల్లించి, తమ సొంత కొవ్వు నుంచి తీసిన కణాలను రెండు కళ్లలోనూ ఎక్కించుకున్నారు. ముగ్గురూ తీవ్రంగా చూపు కోల్పోయారు. హైదరాబాదులో చూపు తెచ్చిందీ, ఫ్లోరిడాలో చూపు తీసిందీ ‘సొంత మూలకణాలే’. తేడా ఏ కణం, ఎక్కడికి, ఏ ఆధారంతో అన్న ప్రశ్నల్లో ఉన్నది.

ఈ కథలో అన్నిటికంటే బాధాకరమైన భాగం మరొకటి. మన దేశంలో ఏటా 10,000 మందికి పైగా పిల్లలు తీవ్రమైన తలసేమియాతో పుడుతున్నారని అంచనా. జీవితాంతం రక్తం ఎక్కించుకోవలసిన ఆ పిల్లలకు, కణజాలం సరిపోలే తోబుట్టువు ఉంటే, మూలకణ మార్పిడితో శాశ్వతంగా నయమయ్యే అవకాశం ఉన్నది. 2017లో కోల్ ఇండియా సామాజిక బాధ్యత నిధులతో మొదలైన పథకం ఒక్కో మార్పిడికి 10 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. అవసరం ముందు ఆ పథకం చాలా చిన్నది. నిరూపితమైన చికిత్స నిధుల కోసం ఎదురుచూస్తున్నది, నిరూపితం కాని చికిత్స రోగి ఇంటి తలుపు తడుతున్నది. ఆటిజం ఉన్న బిడ్డ కోసం పొలం తాకట్టు పెట్టే తండ్రి అజ్ఞాని కాడు. ప్రభుత్వాసుపత్రిలో మాటల శిక్షణ ఇచ్చే నిపుణుడు లేనిచోట, ప్రత్యేక బడి లేనిచోట, ఆశ అమ్మేవాడొక్కడే ఆయనతో మాట్లాడాడు.

అందువల్ల ఈ సమస్యను కొన్ని క్లినిక్‌లపై దాడులతో తీరేదిగా చూడటం పొరపాటు. రోగి నుంచి డబ్బు తీసుకుని చేసే ప్రతి మూలకణ ప్రక్రియనూ, మార్పు స్వల్పమైనా గణనీయమైనా, నమోదు చేయించే చట్టం కావాలి. ఫలించనివాటితో సహా ఫలితాలన్నీ బహిరంగపరిచే బాధ్యత ఆ చట్టంలో ఉండాలి. మూలుగ మార్పిడి పడకలు జిల్లా కుటుంబాలకు అందే దూరానికి రావాలి. హైదరాబాదు, వెల్లూరు, ముంబైల అనుభవం ఇది ఈ దేశంలో సాధ్యమేనని చూపించింది. 2013లో శాస్త్రజ్ఞులు పత్రం మీద నుంచి ఒక మాటను తొలగించగలిగారు. దాన్ని బజారు నుంచి కూడా తొలగించే అధికారం పార్లమెంటుకూ, రాష్ట్ర శాసనసభలకూ ఉన్నది.