లక్కపిడత గుల్ల వెనక కథ

లక్కపిడతలతో ఆడుకోని ఆడపిల్ల మన ఇళ్ళల్లో అరుదు. ఒకప్పటి మాటే అనుకోండి. ఇప్పుడు ప్లాస్టిక్ గ్యాసు పొయ్యిలూ, ప్లాస్టిక్ కుక్కర్లూ వచ్చిపడ్డాయి. అయినా సంక్రాంతికి ఎవరింటి బొమ్మల కొలువులోనో ఎర్రగా, పచ్చగా నిగనిగలాడుతూ ఓ బుల్లి బిందె, పక్కనే ఓ బుల్లి కూజా కనిపిస్తే చేతిలోకి తీసుకుని చూడకుండా ఉండగలమా? తీసుకున్నప్పుడు ఒక్కసారి దాని లోపలికి కూడా చూడండి. శుభ్రంగా గుల్లగా ఉంటుంది. ఈ గుల్ల ఎలా వచ్చిందబ్బా అన్నదే నా ప్రశ్న. మట్టి అయితే కుమ్మరి వేలు పెట్టి నొక్కుతాడు. ఇత్తడి అయితే కరిగించి పోత పోస్తారు. కర్ర నొక్కితే లొంగదు, కాలిస్తే కరగదు. ఇదీ ఓ ప్రశ్నేనా అనకండి. దీని వెనక బోలెడు చరిత్ర ఉంది. ఆ చరిత్రంతా కర్రని ఎక్కడ పట్టుకోవాలన్న ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

కర్రని గుండ్రంగా తిప్పుతూ నున్నగా చెక్కే సాధనానికి మన భాషలో తరిమెన అనే చక్కని మాట ఉంది. ఇప్పుడందరం లేతు అనే అంటున్నాం. మొదటి తరిమెన ఎలా పనిచేసేదో అర్థం కావాలంటే యంత్రశాస్త్రం చదవక్కర్లేదు, కవ్వం తెలిస్తే చాలు. కవ్వానికి తాడు చుట్టి రెండు కొసలూ మార్చి మార్చి లాగుతాం. కవ్వం ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి గిర్రున తిరుగుతుంది. కవ్వం బదులు ఓ కర్రముక్కని పడుకోబెట్టి, దాని రెండు చివరలా రెండు ముళ్ళు ఆనించి, నడుమ తాడు చుట్టి లాగారనుకోండి. తిరుగుతున్న కర్రకి ఉలి ఆనిస్తే పొట్టు సుళ్ళు సుళ్ళుగా లేస్తుంది. అంతే తరిమెన.

ఈజిప్టులో తూనా ఎల్ గెబెల్ అనే చోట పెతోసిరిస్ అనే పూజారి సమాధి ఉంది. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దం చివరినాటిది. దాని గోడ మీద చెక్కిన బొమ్మల్లో ఇద్దరు మనుషులు ఈ పనే చేస్తూ కనిపిస్తారు. ఒకడు తాడు లాగుతున్నాడు, రెండోవాడు ఉలి పట్టాడు. పూజారిగారి పేరు మనదాకా వచ్చింది గానీ, తాడు లాగినవాడి పేరు ఎవరూ రాసిపెట్టలేదు.

మన దేశంలో తాడుకి బదులు విల్లు వాడేవారు. ఒక చేత్తో విల్లు ముందుకీ వెనక్కీ ఆడిస్తూ, రెండో చేత్తో ఉలి పట్టి, అది జరగకుండా కాలి వేళ్ళతో అదిమేవాడు పనివాడు. ఇంగ్లండులో పాదంతో తొక్కేవారు. తాడు ఒక కొస కాలికింద పలకకి, రెండో కొస పైన సాగే కొమ్మకి కట్టి ఉండేది. తొక్కితే ముందుకి తిరుగుతుంది, వదిలితే కొమ్మ వెనక్కి లాక్కుంటుంది. ఎలా తిప్పినా చిక్కు ఒకటే. తనవైపు తిరిగినప్పుడే ఉలి తెగుతుంది. వెనక్కి తిరుగుతున్నంతసేపూ ఉలిని కాస్త ఎడం జరిపి ఊరికే కూర్చోవాలి. అంటే సగం శ్రమ గాలిలోకే అన్నమాట.

రెండు ముళ్ళ మధ్య ఏమేం తయారవుతాయి? పొడుగ్గా ఉండేవన్నీ. మంచం కోళ్ళు, కుర్చీ కాళ్ళు, చపాతీ కర్ర. వీలైతే మీ చపాతీ కర్ర చివరలు ఓసారి చూడండి. చాలా వాటికి నట్టనడుమ చిన్న గుంట కనిపిస్తుంది. అది ముల్లు దిగిన చోటు. నున్నగా అరగదీసినవాటికి కనబడకపోవచ్చు, ఆ నింద నా మీద వెయ్యకండి.

గిన్నె సంగతికి వచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. గిన్నె లోపల తొలవాలి. తొలవాల్సిన చోటే, సరిగ్గా నడుమ, ముల్లు అడ్డంగా నిలబడి ఉంటుంది! పూర్వపువాళ్ళు దీన్ని ఎలా దాటారనుకున్నారు? దాటలేదు, సర్దుకుపోయారు. నడుమ స్తంభంలా కాస్త కర్రని అలాగే ఉంచేసి, దాని చుట్టూ కొక్కెంలా వంగిన ఉలితో తొలిచేవారు. చివరికి గిన్నెని ముళ్ళ మధ్యనుంచి తీసి ఆ నడిమి మొద్దుని పుటుక్కున విరిచి, అడుగున మిగిలిన గరుకుని చేత్తో చెక్కేవారు. 1545లో ఇంగ్లండు తీరాన మునిగిపోయి, 1982లో పైకి తేలిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకలో నావికుల కర్రగిన్నెలు దొరికాయి. తరిమెన పట్టినవే.

ఈ నడిమి మొద్దు విద్యలో ఆఖరి మహానుభావుడు జార్జి లైలీ. ఇంగ్లండులో బర్క్‌షైర్ ప్రాంతంలోని బకిల్‌బరీ అనే పల్లెటూరి మనిషి, 1869లో పుట్టాడు. తాతలనాటి పని, తాతలనాటి కాలితొక్కుడు తరిమెన. ఆయన గొప్పతనం ఏమిటంటే ఒక్క ఎల్మ్ మొద్దులోంచి ఒకదాంట్లో ఒకటి ఇమిడే మూడు నాలుగు గిన్నెలు తీసేవాడు. మన స్టీలు గిన్నెల వరస లేదూ, అలాగ. కర్రలో సగం పొట్టయిపోకుండా పెద్ద గిన్నె పొట్టలో చిన్న గిన్నె, దాని పొట్టలో బుల్లి గిన్నె. ఉలి లోపలికి దిగాక ఎక్కడ తెగుతోందో కంటికి కనబడదు. చేతికి తగిలే అదురుని బట్టి, వినబడే చప్పుడుని బట్టి తెలుసుకోవాలి. కాస్త పక్కకి పోతే ఒకటి కాదు, రెండు గిన్నెలు పోతాయి. 1958లో ఆయన పోయేనాటికి ఆ పని నేర్చుకున్నవాళ్ళు పక్కన ఒక్కరూ లేరు. తరిమెన, ఉలులూ తీసుకెళ్ళి రీడింగ్ పట్టణంలోని గ్రామీణ జీవన మ్యూజియంలో పెట్టారు. తరవాతి తరంలో రాబిన్ వుడ్ అనే ఆయన ఆ పాత సామాన్ని చూసి, ఉలులు తనే కొలిమిలో కాల్చి చేసుకుని, ఆ విద్యని మళ్ళీ కూడబలుక్కున్నాడు. పక్కన కూర్చుని నేర్చుకోవలసిన పనిని, మాట్లాడలేని వస్తువుల దగ్గర నేర్చుకోవలసివచ్చిందంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక రెండో దారి. ఎవరు మొదట కనిపెట్టారో గానీ, ఉపాయం మాత్రం చాలా చిన్నది. తాడుని కర్రకి చుట్టడం మానేసి పక్కనున్న ఇరుసుకి చుట్టారు! ఇరుసు రెండు ఆధారాల మీద తనంతట తను తిరుగుతుంది. దాని మూతికి కర్రముక్కని బిగిస్తే అదీ కూడా తిరుగుతుంది. ఇంక రెండో వైపు ముల్లు అక్కర్లేదు. ఆ వైపంతా ఖాళీ. ఉలి తిన్నగా లోపలికి వెళ్ళొచ్చు. కర్ర గుల్ల అవుతుంది.

ఇరుసు మూతికి కర్రని పట్టించే ఆ పట్టునే చక్ అంటారు. మొదట్లో ఆ మాటకి మొద్దు అనే అర్థం. ఓ కర్రమొద్దులో గుంట తొలిచి, చెయ్యవలసిన ముక్క చివరని అందులో దిగ్గొట్టేవారు. జోసెఫ్ మాక్సన్ అనే ఆంగ్లేయుడు 17వ శతాబ్దం చివర్లో చేతిపనుల మీద రాసిన పుస్తకంలో ఈ మొద్దుల ప్రస్తావన ఉంది. ఇనప దవడలు ఒక్కసారే దగ్గరికి వచ్చి నడిమధ్యన పట్టుకునే చక్‌కి అమెరికాలో సైమన్ ఫెయిర్‌మన్ 1840లో పేటెంటు తీసుకున్నాడు. ఇదెక్కడి వస్తువమ్మా అనుకోకండి. గోడకి మేకు దించడానికి మగవాళ్ళు డ్రిల్లు తెచ్చి ఇల్లంతా దుమ్ము చేస్తారే, దాని మూతి చక్కే.

ఈ చక్రాల పిచ్చి రాజులకి కూడా పట్టింది. రష్యా చక్రవర్తి పీటర్‌కి తరిమెన పట్టడమంటే ప్రాణం. నార్తోవ్ అనే నిపుణుణ్ణి ప్రత్యేకంగా పెట్టుకున్నాడు. ఆ తరిమెనలు హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ రష్యాలోనే 1890 ప్రాంతంలో జ్వెజ్‌డోచ్‌కిన్ తరిమెన పట్టగా, మాల్యూతిన్ రంగులు వెయ్యగా, ఒకదాంట్లో ఒకటి ఇమిడే మాత్ర్యోష్కా బొమ్మ పుట్టింది. 1900లో పారిస్ ప్రదర్శనలో పతకం కొట్టింది. లైలీ గిన్నెలకీ, ఈ బొమ్మలకీ పోలిక చూశారా? ఇమడడం ఒకటే, పట్టు వేరు. ఇక్కడ విరవాల్సిన నడిమి మొద్దు లేదు.

మరి చక్ వచ్చాక ముళ్ళు మూలపడ్డాయా అంటే, అదే తమాషా, పడలేదు. ఇప్పటి లేతుల్లో కర్రని తిప్పే వైపు ముల్లుని డ్రైవ్ సెంటర్ అంటారు. నడుమ ఒక మొన, చుట్టూ సాధారణంగా నాలుగు పళ్ళు. కర్రలోకి దిగి, దాన్ని తనతో తిప్పుతుంది. తెలిసిన పనివాడు ముందు ఈ ముల్లుకీ అవతలి ముల్లుకీ మధ్యనే కర్రని పెట్టి వంకర తీసి, ఒక చివర చక్ దవడలకి సరిపోయేలా చిన్న బొడిపె చెక్కుతాడు. ఆ బొడిపెని చక్‌కి అప్పగించి లోపల తొలుస్తాడు. తీరా అడుగు చెక్కవలసినప్పుడు గిన్నెని బోర్లించి, అడుగునున్న పాత ముల్లు గుర్తులోనే మళ్ళీ ముల్లు ఆనిస్తాడు. అందుకే ఆ గుర్తుని ఆఖరిదాకా చెరపరు. ముల్లుకోసం బరువైన చక్‌ని మాటిమాటికీ ఊడదియ్యడం ఎందుకని, కొందరు డ్రైవ్ సెంటర్‌ని చక్ దవడల్లోనే బిగించేస్తారు. ఉలి ఎక్కడైనా తట్టుకుంటే ముల్లు దగ్గర కర్ర జారి ఆగిపోతుంది. చక్ అలా వదలదు, తిప్పుతూనే ఉంటుంది. బొడిపె విరిగిందంటే ముక్క ఎగిరి మొహాన పడుతుంది. గట్టిపట్టుకి ఉన్న ఇబ్బంది అది.

ఇప్పుడు మన బిందె దగ్గరికి వద్దాం. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అనే ఊరుంది. మొన్నటిదాకా విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. కొండపల్లి బొమ్మకీ ఏటికొప్పాక బొమ్మకీ తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. కొండపల్లిలో తెల్లపొణికిని చెక్కి, ముక్కలు అతికించి బొమ్మ చేస్తారు. అందుకే అక్కడ ఏనుగుకి తొండం వంకర తిరిగి ఉంటుంది. ఏటికొప్పాకలో రాజుగారైనా, రాణిగారైనా, కుంకుమ భరిణె అయినా అన్నీ గుండ్రమే! తరిమెన మీద పుట్టాయి మరి. అంకుడు కర్ర మెత్తగా, తెల్లగా ఉంటుంది. ముక్క చివరని చక్‌లో దిగ్గొట్టి, పైన రూపం చెక్కి, లోపల తొలిచి, తిరుగుతుండగానే రంగులక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే ఆ నిగనిగ వస్తుంది. బ్రష్షు లేదు, వార్నిషు లేదు.

నడుమ రోజుల్లో రసాయనపు రంగులు వచ్చి ఈ పనిని కమ్మేశాయి. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువులకి అవేం రంగులు చెప్పండి. ఆ ఊరి సి.వి. రాజుగారు పసుపు, నీలి, జాఫ్రా గింజలు, కరక్కాయల వంటివాటితో పాత రంగులు మళ్ళీ పట్టుకొచ్చారు. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినాన ఢిల్లీ వీధిలో మన రాష్ట్ర శకటం మీద ఈ బొమ్మలే ఊరేగాయి. సంతోషమే. కానీ శకటం ఒక్కరోజు నడుస్తుంది. బజారులో ప్లాస్టిక్ బిందె పక్కన పెట్టి, ఇది ఖరీదెక్కువ అని మనం పెదవి విరిచే రోజులు మిగతావన్నీ.

ఈసారి లక్కపిడత కొన్నప్పుడు అడుగున చూడండి. మిగతా ఒళ్ళంతా లక్క ఉన్నా అక్కడ కర్ర తన తెల్లరంగుతోనే ఉండి, సన్నటి గుండ్రటి గీతలు కనిపిస్తే అదే తెంపిన చోటు. బిందె పూర్తయ్యాక సన్నటి ఉలితో చక్ నుంచి వేరుచేస్తే అది అరచేతిలో పడుతుంది. ఇంకా గట్టిగా పట్టుకునే ఉన్న చక్‌లో పొడుగు మిగిలిన ముక్కలోంచి పనివాడు మూత మొదలుపెడతాడు.