ఓనమాలు, గుణింతములు: తెలుగు బడులలో చదువు నేర్పిన తీరు

తెలుగువారు ఏ విద్యకైనను మొదటి పాఠమును ఓనమాలు అని పిలుతురు. ‘ఓం నమశ్శివాయ సిద్ధం నమః’ అను నమస్కారమునుండి పుట్టిన మాట యిది. పూర్వము వీధిబడిలో బాలుడు ఇసుకలో మొట్టమొదట దిద్దినవి అ, ఆలు కావు; ఈ యక్షరములే. అకారము నెరుగకముందే వాని చేతికి గుడి గల ‘శి’, దీర్ఘము గల ‘వా’, వత్తు గల ‘ద్ధం’ వచ్చుచుండెను. చేయి దిద్దిన యక్షరమును కన్ను గుర్తించుచున్నదా, గుర్తించిన యక్షరములను కూర్చి నోరు క్రొత్త మాటను చదువగలుగుచున్నదా యని విచారించినవారు మాత్రము అరుదు. చదువు రాని బిడ్డను మందబుద్ధి యని త్రోసివేయుటకు ముందు ఈ విచారణ చేయవలసియున్నది గనుక, మన బడుల పూర్వచరిత్రను ఇంచుక తిరుగవేసి చూతము.

చెన్నపట్టణపు గవర్నరైన సర్ థామస్ మన్రో 1822వ సంవత్సరమున దేశీయ పాఠశాలల లెక్కలు పంపుడని కలెక్టర్ల కుత్తరువు చేసెను. వచ్చిన జవాబులలో బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో వ్రాసినది మిక్కిలి విపులమైనది. నేటి అనంతపురపు సీమ నాడు ఆ జిల్లాలోనిదే. అందు బడులు 533, విద్యార్థులు 6,641 మంది. తెలుగు బడులు 226, కన్నడపు బడులు 235. విద్యార్థులందరిలో ఆడుపిల్లలు 60 మంది. ఈ కడపటి యంకెకు వ్యాఖ్య యక్కరలేదు.

క్యాంబెల్ చూపిన బడి మన తాతముత్తాతల బడియే. బిడ్డ కైదవయేడు రాగానే అయ్యవారిని, బడిపిల్లలను ఇంటికి పిలిచి, వినాయకుని పూజించి, బియ్యములో బిడ్డ వ్రేలు పట్టి వ్రాయించెదరు. మరునాటినుండి బడి. తెల్లవారి అందరికంటె ముందు వచ్చినవాని యరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు, రెండవవానికి సున్న, మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆలస్యమైన కొలది దెబ్బలు పెరుగును. అక్షరములు మొదట ఇసుకలో వ్రేలితోను, పిమ్మట తాటాకుపై గంటముతోను వ్రాయుదురు. పిల్లలను వారి వారి నేర్పునుబట్టి తరగతులుగా విభజించి, క్రింది తరగతులను పెద్దపిల్లల కప్పగించి, పైవారిని అయ్యవారు తానే చూచుకొనును. నెమ్మదిగా నడచువాడు నెమ్మదిగానే నడచును. ఏడు తిరిగినదని వానిని పైతరగతికి ఎవ్వరును త్రోయరు. ఈ యొక్క గుణమునకైనను ఆ బడికి మనము నమస్కరింపవచ్చును.

ఇసుకలో వ్రాయించుట, పిల్లలచేత పిల్లలకు చెప్పించుట అను ఈ రెంటిని చెన్నపట్టణములోని ఎగ్మూరు అనాథ బాలుర శరణాలయమున ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు ప్రవేశపెట్టి, 1797లో లండనునందు పుస్తకము ప్రకటించెను. మన యిసుక సీమకు పోయి ‘మద్రాసు పద్ధతి’ యని పేరు గాంచినది. క్యాంబెల్ సైతము ఈ పొదుపైన పద్ధతిని మెచ్చుకొనెను. మనము పొంగుట సహజమే.

కాని యాతడే మరియొక సంగతి వ్రాసెను. బడిలో చదివించు గ్రంథములన్నియు పద్యములు. వాని భాష మాటలాడు భాష కాదు. బాలుడు పద్యములెన్నో తడబడక అప్పజెప్పునేగాని, వాని యర్థము చిలుక కెంత తెలియునో వానికిని అంతే తెలియునట. అర్థము తెలియమి యట్లుండగా, ఉపాధ్యాయులమైన మాకు దానికంటె లోతైన లోప మొకటి కనబడుచున్నది. కంఠస్థము అక్షరజ్ఞానమునందలి కొరతను కప్పిపుచ్చును. పాఠము నోట నున్నవాడు పుటను చూడకయే చదివినట్లు నటింపగలడు. ఆ పాఠములోని ఒక మాటను వేరుచేసి పలకపై వ్రాసి చూపుడు: నోరు మూతపడును.

ఇందు బిడ్డ తప్పు కొంచెము. లిపి భారము హెచ్చు. ఇంగ్లీషువారి యక్షరములు 26. మన హల్లు ఒక్కొక్కటికి గుణింతమున పదునైదు రూపములకు తక్కువ లేదు. హల్లులన్నిటికి లెక్కించిన ఐదువందలు దాటును. వత్తులు వేరు. త, న, ర ల వత్తులు తమ మూలాక్షరములను ఏమాత్రమును పోలవు. జ, ట, బ, ల లకు తలకట్టే లేదు. మొ, యొ లలో ఒత్వము తక్కిన హల్లులందువలె నుండదు. అన్నిటికంటె చిక్కు వేరొకటి గలదు. ‘ఆస్తి’ యను మాటలో గుడి సకారముపై నుండును, దాని ధ్వని మాత్రము తకారము పిమ్మట వినబడును. కన్ను చూచిన వరుసనే నమ్మిన బాలుడు ‘ఆసిత’ యని చదువును. వాడు బుద్ధిహీనుడు కాడు. నేర్పిన నియమమును నిజాయితీతో పాటించినవాడు. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. కన్నడ బాలుర చదువును పరిశీలించి సోనాలీ నాగ్ అను విదుషి 2007లో ప్రకటించిన వ్యాసమును బట్టి, ఈ యక్షరముల నేర్పు మొదటి తరగతితో ముగియక నాలుగవ తరగతివరకును సాగుచుండును.

కూడబలుక్కొన్న ధ్వని బిడ్డ యెరిగిన మాటయైనప్పుడే చదువు నిలుచును. కీర్తిశేషులు గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో సవరభాష నేర్చి, సవరబిడ్డలకు వారి పలుకులనే తెలుగు లిపిలో వ్రాసి చదివించిరి. వాడుకభాషకై వారు పిదప సాగించిన యుద్యమము జగద్విదితము. (ఆ మాటను ఈ గ్రాంథికములో వ్రాయుట చూచి పంతులుగారు నవ్వెదరు కాబోలు.)

మేముండు బోరబండవంటి పేటలలో నేటి బిడ్డ బరువు ఇంకను హెచ్చినది. కూలిపనులకై పలు జిల్లాలనుండి వచ్చినవారి పిల్లలకు ఇంటి భాష యొకటి, బడి భాష యొకటి. 2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణపు సర్కారు బడులలో ఆంగ్లమాధ్యమము ప్రవేశించినందున, తెలుగు గుణింతము కుదురుకొనకమునుపే వేరొక లిపి వచ్చి కూర్చుండుచున్నది. ఇట్టి పిల్లలకు మేము పాతబడి సొత్తు కొంత తిరిగి తెచ్చుకొంటిమి: పళ్లెములో ఇసుక, ప్రక్కన ఒక పెద్ద తరగతి పిల్ల. దెబ్బలు లేవు. గుణింతమును వరుసగా పాడించుట తగ్గించి, ‘కి, మి, తి’ యని గుడిని, ‘కు, తు, ము’ యని కొమ్మును వేర్వేరు హల్లులపై గుర్తింపజేయుదుము. ‘ఆస్తి’ వచ్చినప్పుడు మొదట ‘స్త’ పలికించి, పిమ్మట గుడి చేర్చెదము. ప్రతిదినము బిడ్డ మునుపెన్నడును చూడని మాట, కాని ఇంట వినిన మాట, ఒకటి పలకపై వ్రాసి చదివింతుము.

అదే 2022లో తెలంగాణ ప్రభుత్వము ప్రాథమిక తరగతుల చదువుకై ఆరంభించిన కార్యక్రమమునకు ‘తొలిమెట్టు’ అని పేరు. అంతకు ముందటి యేడు కేంద్రప్రభుత్వము ‘నిపుణ్ భారత్’ పేరిట మూడవ తరగతి ముగియునాటికి ప్రతి బిడ్డయు అర్థముతో చదువవలెనని 2026-27ను గడువుగా పెట్టెను. నాలుగవ తరగతిలో మా బడికి వచ్చు పిల్లలు మాత్రము వత్తులకడ ఇంకను తడుముకొనుచునే యున్నారు. వారికొరకు ఇసుకపళ్లెమును ఆ తరగతిలోను ఉంచితిమి.