సెప్టెంబరు 17 : కర్త ఎవరు?



నా ఉద్యోగజీవితమంతా పిల్లలకు కర్త, కర్మ, క్రియలు బోధించడంలోనే గడచింది. ఆ అలవాటు చేతనే కాబోలు, సెప్టెంబరు 17 వచ్చినప్పుడల్లా నా దృష్టి ఆ దినానికి పెట్టిన పేర్ల మీదికే పోతుంది. 2022లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాదు పరేడ్ మైదానంలో ‘హైదరాబాద్ విమోచన దినం’ జరిపితే, అదే రోజున రాష్ట్ర ప్రభుత్వం పబ్లిక్ గార్డెన్స్‌లో ‘తెలంగాణ జాతీయ సమైక్యతా దినోత్సవం’ జరిపింది. ప్రభుత్వం మారిన పిమ్మట, 2024లో, అది ‘ప్రజాపాలన దినోత్సవం’ అయింది. కమ్యూనిస్టులకు అవి సాయుధ పోరాట వారోత్సవాలు.

విమోచన మనగా విడిపించుట. ఎవరు? ఎవరిని? ఎవరి నుండి? జాతీయవాద వేదికల మీద వినవచ్చే సమాధానం బహు సులువు: ముస్లిము ప్రభువు నుండి హిందూ ప్రజను పటేలు సైన్యం విడిపించింది. ఇందులో సత్యాంశం లేదనను. రజాకార్ల దురాగతాలు కల్పితాలు కావు. 1948 సెప్టెంబరులో బెజవాడ వైపు నుండి వచ్చిన సైన్యం చేతిలో ఒక రజాకారు దళం ఓడినది మా నార్కట్‌పల్లి దగ్గరే.

అయితే విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి హిందువు. ఆయనకు లొంగక, భూమి కోసం కోర్టు కెక్కి హతుడైన బందగీ ముస్లిము రైతు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను బలిగొన్నది ఆ దేశ్‌ముఖు మనుషుల తుపాకులే. రజాకార్లను ఎదిరించి వ్రాసినందుకు 1948 ఆగస్టులో ప్రాణాలు కోల్పోయినవాడు ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్. పోలీసు చర్య కాలంలోను, ఆ తరువాతను తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 మంది మరణించారని సుందర్‌లాల్ సంఘం అంచనా కట్టింది. వారిలో అత్యధికులు ముస్లిములు. ఎవరి నుండి విమోచన మన్నారో ఆ నిజామే 1950 నుండి 1956 దాకా రాజప్రముఖుడు. విడిపించ వచ్చిన సైన్యంతోనే మా జిల్లా రైతుకూలీలు 1951 అక్టోబరు దాకా పోరాడవలసివచ్చింది.

తక్కిన పేర్లకూ ఇదే దోషం. ‘సమైక్యత’ అన్నప్పుడు ఈ మృతులు కనబడరు. ‘సాయుధ పోరాటం’ అన్నప్పుడు 1947లో జైళ్లకు వెళ్లిన స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహులు కనబడరు. ఓటు కోసం చరిత్రను తవ్వేవానికి శత్రువొకడు, రక్షకుడొకడు దొరికితే చాలు. బందగీ వంటివాడు ఆ కథలో ఇమడడు గనుక అతనిని వదలివేస్తాడు.

ఆ రోజులు కన్నులారా చూసినవారు ఇప్పుడు తొంభైకి దగ్గర పడ్డారు. మీ ఊళ్లో అట్టివారుంటే, ఏ పేరు సరియైనదని అడుగకండి. ఏమి జరిగిందో అడిగి, చెప్పినది చెప్పినట్లే వ్రాసిపెట్టండి.

సెలవు.