పాత మోటారుబండి లోపలి దీపము

నాగర్‌కర్నూలును మన పెద్దలు కందనూలు అని పిలుచుటలో ఒక బండికథ దాగియున్నది. ఇరుసులకు రాచుకొను కందెన ఆ యూర దొరకెడిదనియు, దారిని పోవు బండ్లవారు అందుకై అచ్చట ఆగెడివారనియు, అందుచే ఆ పేరు కలిగెననియు చెప్పుదురు. తుంగభద్ర కావల నున్న కర్నూలునకును ఇట్టి కథయే కలదు. అలంపురము గుడులకు రాళ్లు మోయు బండ్లు ఏరు దాటుటకు ముందు అచ్చట నిలిచి కందెన పెట్టుకొనెడివట. ఇందు చరిత్ర యెంత, కల్పన యెంత అను విచారము నేడు నాకు పనిలేదు. బండికి కావలసిన ఒక చిన్న వస్తువు ఊరిపేరై నిలిచినదను మాట చాలును. నేను చెప్పబోవునదియు అట్టి చిన్న వస్తువును గూర్చియే. పాత మోటారుకారు లోపల, కప్పునకు అంటియుండు దీపమును, దానికి పోవు తీగెను గూర్చి నాలుగు మాటలు చెప్పెదను.

పూర్వము రాత్రి ప్రయాణమున దీపము బండికి వెలుపలనే యుండెడిది. పల్లకీకి ముందు దివిటీవాండ్రు పరుగెత్తెడివారు. ఎడ్లబండికి కందీలును ఇరుసు క్రింద వ్రేలాడగట్టెడివారు. అది పైన నున్నచో వెలుగు తోలువాని కన్నులలో పడి, దారి కానరాకుండును. క్రింద నున్నచో ఎద్దుకాళ్లును చక్రపుజాడయు తెలియును. ఈ చిన్న యుపాయములో గొప్ప తెలివి యున్నది. మోటారులు చేయువారికి ఇదే చిక్కు తరువాత ఎదురయ్యెను.

మొదటి మోటారులకు ముందు దీపములు కార్బైడుతో వెలిగెడివి. కార్బైడు గడ్డలపై నీరు బొట్టుబొట్టుగా పడి ఎసిటిలీను వాయువు పుట్టును, అది మండి తెల్లని వెలుగు నిచ్చును. ప్రక్క దీపములు కిరసనాయిలువి. ఇట్టి మంటను పట్టుగుడ్డలు, తోలు దిండ్లు గల బండి లోపల నెవరు పెట్టుకొందురు? కావున లోపల చీకటియే. హైదరాబాదు చౌమహల్లా భవనమునందు నేడు చూపుచున్న నిజాముగారి రోల్స్‌రాయిస్ ఈ కాలమునకు చెందినదే. దానిని కోరి చేయించినది ఆరవ నిజాము మహబూబు ఆలీఖాను. ఆయన 1911లో కాలధర్మము నొందగా, 1912 నాటి ఆ బండి ఏడవ నిజాము ఉస్మాను ఆలీఖాను వశమైనది. వెనుకభాగమున సింహాసనమువలె ఎత్తైన పీఠము, దానిపై గోపురపు కప్పు. ప్రజలకు ప్రభువు కనబడవలెనని చేసిన బండి యది. అది తిరిగిన దూరము మాత్రము కొన్ని వందల మైళ్లకు మించలేదు.

అదే 1912లో అమెరికాలోని కాడిలాక్ కంపెనీవారు ఛార్లెస్ కెటరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరును, దానితోపాటు విద్యుద్దీపములను తమ కార్లకు అమర్చిరి. ఇందు ముఖ్యమైనది బ్యాటరీ. ఇంజను నిలిచిన పిదపకూడ విద్యుత్తు దాగియుండు కుండ యది. ఫోర్డువారి మోడల్ టీ బండికి 1915 నుండి విద్యుత్తుతో వెలుగు ముందుదీపము లుండినను, మొదట వాటికి విద్యుత్తు ఇంజనులోని మాగ్నెటోనుండియే వచ్చెడిది. బండి మెల్లగా పోయినచో దీపము మందగించును, వేగముగా పోయినచో ప్రజ్వరిల్లును, ఒక్కొక్కప్పుడు బల్బు కాలిపోవును. ఇంజను ఆగినచో చీకటి. ఇట్టి బండిలో దిగునప్పుడు మెట్టు చూపుటకు దీప మెట్లుండును? 1919 నుండి బ్యాటరీ చేరిన తరువాతనే ఆ కొరత తీరినది.

ఫోర్డు కంపెనీ 1926లోను, జనరల్ మోటార్సు 1928లోను మన దేశములో బండ్లు బిగించి అమ్ముటకు పూనుకొనిరి. గద్వాల, వనపర్తి, కొల్లాపురము సంస్థానములున్న మన సీమకు మోటారు వచ్చినప్పుడు లోపలి దీపమునకు రెండు విధములైన పని పడినది. ఘోషా పాటించు కుటుంబముల కార్లకు తెర లుండెడివి. రాత్రి లోపల దీపము వెలిగినచో బయటివారికి లోపలివారు కనబడుదురు, లోపలివారికి బయట ఏమియు కనబడదు. కావున తెర వేసిన తరువాతనే దీపము. ఇక బస్సు సంగతి వేరు. నిజాము రైల్వేవారు 1932 జూన్ 15న 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. చీకటిపడిన పిమ్మట టిక్కెట్టు చింపవలెనన్నను, చేతిలో పడినది హాలీ రూపాయియో, ఏటి కావలి కల్దారు రూపాయియో చూడవలెనన్నను కండక్టరునకు తలపై దీపము కావలసినదే.

సంస్థానములు 1948, 1949 సంవత్సరముల మార్పులలో అంతరించినవి. వనపర్తి రాజభవనమున 1959లో పాలిటెక్నిక్ వెలసినది. రాజులు పవళించిన గదులలో బాలురు తీగెల విద్య నేర్చుకొనుట నాకు ముచ్చటగా తోచును. భవనముల గతి ఎల్లరు నెరుగుదురు. మోటారు కొట్టములలోని బండ్ల గతి వ్రాసిపెట్టినవారు అరుదు. ఏ బండియైన నేటికి మిగిలినచో దానిని బాగుచేయువాడు ఒకవిధముగ దాని చరిత్రకారుడే. అట్టివాడు ఇంజనును, రంగును ఎంతో శ్రద్ధగా చూచి, కప్పుదీపము వద్దకు వచ్చుసరికి బజారులో దొరకిన తీగె నేదో లాగి వదలును. నా ఫిర్యాదు ఇదియే.

శ్రోతలారా, ఆ తీగె సామాన్యమైనది కాదు. నాటి తీగెకు లోపల రబ్బరు, పైన నూలు అల్లిక. ఏండ్లు గడచిన రబ్బరు గట్టిపడి, వంచినచో పొడియై రాలును. కప్పుగుడ్డను చట్రమునకు చిన్న మేకులతో బిగింతురు. నేను చూచిన యొక బండిలో క్రొత్త గుడ్డ వేయునప్పుడు ఒక మేకు ఈ తీగెలోనికి దిగినది. మేకు ప్రక్కనున్న ఇనుపపట్టీని తాకగనే గుడ్డ పొగలెగసినది. యజమాని బ్యాటరీ తీగెను ఊడపెరికినందున బండి దక్కినది. దీపము తీసికొను విద్యుత్తు స్వల్పమే. ఆరు వాట్ల బల్బునకు 6 వోల్టుల బండిలో ఒక ఆంపియరు, 12 వోల్టుల బండిలో అర ఆంపియరు చాలును. కాని రెండు కొనలు పొరపాటున కలిసినచో బ్యాటరీ వందల ఆంపియర్ల నొక్కసారిగా వెడలించును. 1927 మొదలు 1931 వరకు వచ్చిన ఫోర్డు మోడల్ ఏ బండికి కంపెనీవారు ఫ్యూజే పెట్టలేదు. నేడు బాగుచేయువారు పెట్టుట ధర్మము. దానిని బ్యాటరీకి దాపుననే పెట్టవలెను, దీపమువద్ద పెట్టిన ఫ్యూజు మధ్యనున్న తీగెను కాపాడజాలదు.

ఇనుపబండిలో ఒక తీగెయే చాలును, తిరుగుదారి బండి శరీరమే. అయితే ఆనాటి బండ్ల పెక్కింటికి కప్పు చట్రము కొయ్యతో చేసినది. కొయ్యగుండ విద్యుత్తు పారదు. అందుచే రెండవ తీగె తప్పదు. ఈ సంగతి తెలియక బల్బు వెలుగలేదని దీపమునే మార్చినవారు కలరు. 6 వోల్టుల బండికి తీగె లావుగా నుండవలెను. వాలు తక్కువైన కాలువను వెడల్పుగా త్రవ్వుట మీరెరిగినదే. పాతతీగె కొనకు క్రొత్తది కట్టి, నాడా ఎక్కించినట్లు మెల్లగా లాగినచో పూర్వపుదారినే వచ్చును. అంతకుముందు ఏ రంగు తీగె ఎక్కడికి పోయినదో కాగితముపై గీసికొనవలెను. క్రొత్తతీగెపై నూలు అల్లిక గలవి నేడును దొరకును.

మరియొక మాట. తలుపు తీయగనే దీపము వెలుగు నేర్పాటు తరువాతి కాలమున వ్యాపించినది. 1928 నాటి బండికి దానిని చేర్చినచో సుఖమే, కాని అది ఆ బండి ఎరుగని సుఖము. ఎల్.ఇ.డి. బల్బులును అట్టివే. పెక్కు పాతబండ్లలో బ్యాటరీ ధనకొనను శరీరమునకు కలిపెడివారు. అచ్చట ఈ బల్బు తిరుగవేసినట్లై వెలుగదు. వెలిగినను దాని తెల్లని కాంతిలో పాత పట్టురంగు మారి కనబడును. పసుపువన్నె పాతబల్బే నాకిష్టము. తీసివేసిన పాతతీగెను పారవేయక, చుట్టచుట్టి, చీటి కట్టి, బండితోనే యుంచవలెను.

మీ యూరి కొట్టములో కోళ్లు గుడ్లు పెట్టుకొనుచున్న పాతబండి యేదైన నున్నచో, పాతయినుము బేరగాడు రాకమునుపే ఒకసారి లోపలికి తల దూర్చి కప్పు చూడుడు. దీపము పోయియుండవచ్చును. గుడ్డపై గుండ్రని మచ్చయు, రెండు చిన్న తూట్లును, ఒకదానినుండి వ్రేలాడు నూలుపోగును కనబడినచో, ఆ బండిని నడిపినవాడు బ్రదికియుండగనే పిలిచి, ఏ స్విచ్చి నొక్కెడివాడో అడిగి వ్రాసికొనుడు.