చిత్రకారుని స్వస్థలము

ఆలమూరు సీమ గౌతమికి ఎడమగట్టున నున్నది. అచ్చటి రేవులను తాకు నీరు రాజమహేంద్రవరము నొరసికొని, ధవళేశ్వరపు ఆనకట్టను దాటి వచ్చినదే. విద్యకును ఉద్యోగమునకును ఈ సీమ విడిచి దూరదేశముల కేగు యువకులు పెక్కురు. ఊరు విడిచినవానికి ఊరు దక్కునా యను ప్రశ్న అనేక గృహములను బాధించుచున్నది. ఇదే నదీతీరమున జన్మించిన యొక చిత్రకారుని చరిత్రము దీనికి కొంత సమాధానము చెప్పునని మేము తలంచెదము.

దామెర్ల రామారావు 1897లో రాజమహేంద్రవరమున జన్మించెను. బాల్యమునుండియు నాతనికి బొమ్మలయందే మక్కువ. అచ్చటి ఆర్ట్సు కళాశాలకు 1909 మొదలు 1919 వఱకు ప్రధానాచార్యుడుగా నుండిన ఆస్వాల్డు కూల్డ్రే యను ఆంగ్లేయుడు తానును చిత్రకారుడే. ఆయన యీ బాలుని నేర్పును గుర్తించి, బొంబాయి జె. జె. చిత్రకళాశాలలో చేరుటకు తోడ్పడెను. అడివి బాపిరాజుగారును ఆయన శిష్యులే. మన పిల్లలలోని కళను మనకంటె ముందు పరదేశీయుడు చూచె ననుట మనము యోచింపదగిన విషయము.

బొంబాయిలో రామారావు పాశ్చాత్యరీతులను నేర్చెను. గుజరాతు సీమలను తిరిగి చూచెను. మహానగరమున నిలిచియుండిన పేరును ధనమును లభించియుండును. అయినను ఆతడు గోదావరికి మరలివచ్చి, 1923 ప్రాంతమున మిత్రులతో గూడి చిత్రకళాశాల నెలకొల్పెను. కార్తిక పౌర్ణమి, పుష్పాలంకరణము, నందిపూజ మున్నగు చిత్రములలో ఆంధ్రస్త్రీల రూపములు, మన పండుగలు, మన పూజలు కానవచ్చును. నిత్యము చూచుటచేతనే మనము చూడక విడిచిన వానిని, దూరమేగి వచ్చిన కన్ను చూడగలిగెను.

ఆ విద్య పురుషులకే పరిమితము కాలేదు. ఆతని భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు కుంచె పట్టిరి. వీరేశలింగము పంతులుగారు స్త్రీవిద్యకై పాటుపడిన పట్టణమున ఇది తగినట్టి ఫలమే.

1925 ఫిబ్రవరిలో మసూచికము సోకి రామారావు మరణించెను. అప్పటికి ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నముగారు ఆ కళాశాల భారమును తలకెత్తుకొనిరి. రామారావు చిత్రములను నేటికిని రాజమహేంద్రవరమందలి ఆతని పేరిటి చిత్రశాలలో చూడవచ్చును.

అందఱును మరలి రాగలరా యని చదువరు లడుగవచ్చును. రాలేరు. కూల్డ్రే స్వదేశమునకు పోయిన పిదప, 1924లో దక్షిణ హిందూదేశపు జ్ఞాపకములను గ్రంథముగా ప్రకటించెను. కావున మరలినవానికిని మరలనివానికిని స్వస్థలమును నిలుపునది ఒక్కటియే: శ్రద్ధతో చూచిన చూపు. దస్తావేజు పొలము నీయగలదు గాని ఆ చూపు నీయజాలదు.

ఆ చూపును అలవరచుట గృహస్థుల ధర్మము. మన బాలురకును బాలికలకును సమానముగా కాగితమును రంగులను ఈయుదము. తమ వీథిని, తమ రేవును, తమ తల్లి ముఖమును వ్రాయుడని చెప్పుదము. ఆలమూరునుండి ఆ చిత్రశాల మిక్కిలి దూరము కాదు. ఒక సెలవుదినమున వారి నచ్చటికి తోడ్కొని పోవుదము. పిమ్మట వారు ఎంతదూర మేగినను, వెంట తీసికొనిపోదగిన ఊరు వారికి కలిగియుండును.